రాయి పెంపకం

మా అమ్మాయికి కుక్కపిల్ల కావాలని కోరిక. కోరిక పాతదే గాని, ఇంటర్మీడియెట్‌లోకి వచ్చాక దానికి పట్టుదల కూడా తోడయింది. మేముండేది నిజామాబాద్‌లో అద్దె ఇంట్లో, మేడ మీది వాటా. ఇంటి ఓనరుగారు మేం దిగినరోజే చెప్పారు: "పిల్లలుంటే ఫరవాలేదమ్మా, కుక్కపిల్లలుంటే మాత్రం వద్దు" అని. పిల్లికీ అదే జవాబు. చిలక మాట్లాడుతుంది కనుక అదీ వద్దన్నారు. మావారు మధ్యేమార్గంగా చేపలు తెచ్చారు. అవి వారం రోజులు మమ్మల్ని జాలిగా చూసి, ఎనిమిదో రోజున మానేశాయి.

ఇలా వుండగా ఓ ఆదివారం వేల్పూరు నుంచి వస్తూ ఆర్మూరులో బస్సు మారాం. మారే వ్యవధిలో మా అమ్మాయి సిద్ధులగుట్ట కింది నుంచి మామిడికాయంత రాయి ఒకటి ఏరుకొచ్చింది. బూడిదరంగు రాయి. నడుమ తెల్లటి చార, విభూతి పెట్టుకున్నట్టు. ఇంటికి రాగానే దాన్ని సబ్బుతో కడిగి, చెప్పుల డబ్బాలో పాత చీర పీలికలు పరిచి పడుకోబెట్టింది. డబ్బాకి కత్తెరతో చిల్లులు కూడా పెట్టింది.

"చిల్లులెందుకే?"

"గాలి ఆడొద్దూ మమ్మీ?"

పేరు గుండప్ప అట. ఇంటి ఓనరుగారు ఎగాదిగా చూసి, రాళ్ళ మీద నిషేధమేమీ లేదని ఒప్పుకున్నారు.

నేను బి.ఎ. చదివాను, అందులో చరిత్ర ఒక సబ్జెక్టు. దానివల్ల ఉద్యోగం రాలేదు గాని, ఏ సంగతి కంటబడినా దాని పూర్వోత్తరాలు తవ్వే జబ్బు మాత్రం పట్టుకుంది. మా అమ్మాయి చేసిన పని వెర్రి అని తిట్టేముందు, ఇంతకు ముందు ఎవరైనా ఈ వెర్రి పని చేశారా అని చూశాను. చూశాక తిట్టే ధైర్యం పోయింది. చెప్పొద్దూ, మానవజాతి మొత్తం ఈ పనే చేస్తూ వచ్చింది.

మొదట అమెరికా సంగతి. 1975లో కాలిఫోర్నియాలోని లాస్ గాటోస్ అనే ఊళ్ళో గ్యారీ డాల్ అనే ఆయన వుండేవాడు. ప్రకటనలు రాయడం వృత్తి. చేతిలో పని అంతంతమాత్రం. ఒకనాటి సాయంత్రం మద్యం దుకాణంలో మిత్రులంతా చేరి తమ కుక్కలూ పిల్లులూ పెట్టే బాధలు చెప్పుకుంటున్నారట. ఒకటి సోఫా కొరికింది, ఒకటి రాత్రంతా అరిచింది, ఒకదానికి మందులు కొనలేక ప్రాణం పోతోంది. అంతా విని ఈయన, "నాకా బాధ లేదు, నేను రాయిని పెంచుకుంటున్నాను" అన్నాడట. అందరూ నవ్వి ఊరుకున్నారు. ఆయన మాత్రం ఇంటికి పోయి, దానికి ముప్ఫై రెండు పేజీల పుస్తకం రాశాడు. రాయిని ఎలా సాకాలి, ఎలా తర్ఫీదు ఇవ్వాలి అని!

మెక్సికోలోని రొసారిటో సముద్రతీరం నుంచి నున్నటి గులకరాళ్ళు తెప్పించాడు. ఒక్కో రాయికి ఒక్కో అట్టపెట్టె, లోపల గడ్డి పరుపు, పక్కన గాలి చిల్లులు. మా అమ్మాయి పెట్టినటువంటివే సుమండీ! ఖరీదు నాలుగు డాలర్లకు అయిదు సెంట్లు తక్కువ. ఆ యేడాది క్రిస్మస్‌కు జనం ఎగబడి కొన్నారు. కొద్ది నెలల్లోనే పది లక్షలకు పైగా రాళ్ళు అమ్ముడుపోయాయి. మన ఊళ్ళో రాళ్ళు కొట్టేవాడికి ట్రాక్టరు లోడుకి ఎంత ముడుతుందో తలుచుకుంటే కడుపు మండుతుంది గాని, డాల్ గారు అమ్మింది రాయిని కాదు, పుస్తకాన్ని. రాయి ఊరికే వచ్చింది. రచయితలందరూ గమనించవలసిన విషయం ఇది. పుస్తకం అమ్ముడు పోవాలంటే దాంతో పాటు ఒక రాయి ఇవ్వాలన్నమాట.

ఆ పుస్తకంలో తర్ఫీదు గురించి వివరంగా వుంది. "కూర్చో", "ఆగు" అనే ఆజ్ఞలు రాయి ఇట్టే నేర్చుకుంటుంది. ఒకసారి చెబితే చాలు, మళ్ళీ చెప్పే పని లేదు. "దొర్లు" అనేది వాలు మీద బాగా చేస్తుంది. "రా" అనేది మాత్రం ఎంత తెలివైన రాయికైనా కొరుకుడు పడదు. ఈ ముక్క దగ్గర నేను కొంచెం ఆగాను. ఎందుకాగానో తర్వాత చెబుతాను.

డాల్ గారు ఆ తర్వాత ఇసకను పెంచే సరంజామా ఒకటి అమ్మబోయాడు. మగ ఇసక, ఆడ ఇసక కలిపితే పిల్ల ఇసక పుడుతుందట. జనం కొనలేదు. ఒక వెర్రికి ఒకసారే డబ్బులు రాలతాయి కాబోలు. ఆయన 2015 మార్చిలో డెబ్బై ఎనిమిదో యేట పోయాడు. ఆ 2015ను కూడా గుర్తుంచుకోండి, మళ్ళీ పని పడుతుంది.

పోనీ ఇది అమెరికా వాళ్ళ తిక్క అని సరిపెట్టుకుందామా అంటే, దక్షిణాఫ్రికా అడ్డొచ్చింది. అక్కడ మకపన్స్‌గాట్ అనే చోట గుహలో 1925లో ఒక ఎర్రటి గులకరాయి దొరికింది. బరువు పావుకిలో పైచిలుకు. దాని మీద రెండు కళ్ళూ ఒక నోరూ వున్నట్టు గుంటలున్నాయి. ఎవరూ చెక్కినవి కావు, నీళ్ళ రాపిడికి పడ్డవి. విశేషమేమిటంటే ఆ రకం రాయి ఆ గుహ దరిదాపుల్లో లేదు. కొన్ని మైళ్ళ అవతల నుంచి ఎవరో తెచ్చి వుండాలి. గుహలో దొరికిన ఎముకలు మనిషివి కావు, మనిషికి ముందరి వాళ్ళవి. కాలం సుమారు ముప్ఫై లక్షల ఏళ్ళ కిందట! అంటే ఇంకా నిప్పు రాజెయ్యడం రాని, మాట పూర్తిగా తిరగని జీవి ఒకటి, ఏటి పక్కన రాయిని చూసి, అందులో ముఖం కనబడి, ముచ్చటపడి ఇంటికి తెచ్చుకుందన్నమాట. తెచ్చినది తప్పకుండా ఆడపిల్లే అయివుంటుందనీ, "ఇంట్లో తినడానికి దుంపల్లేవు, ఇప్పుడీ రాయెందుకే?" అని వాళ్ళమ్మ తిట్టి వుంటుందనీ నా ఊహ. చరిత్రకారులు ఒప్పుకోరు. తల్లులు ఒప్పుకుంటారు.

చైనాలో అయితే ఇంత రహస్యం కూడా లేదు. వెయ్యేళ్ళ కిందట, సాంగ్ వంశపు రాజుల కాలంలో మీ ఫూ అనే గొప్ప చిత్రకారుడు వుండేవాడు. 1051లో పుట్టి 1107లో పోయాడు. ఆయన ఉద్యోగం మీద ఒక ఊరికి వెళ్ళినప్పుడు అక్కడ ఒక వింత రాయి కనిపించిందట. వెంటనే దర్బారు దుస్తులు తెప్పించి తొడుక్కుని, దానికి వంగి వంగి సలాములు చేసి, "అన్నగారూ" అని పిలిచాడట. పై అధికారులు మండిపడ్డారని కూడా చెబుతారు. పై అధికారికి నమస్కరించని ఉద్యోగి, రాయికి నమస్కరిస్తే మండదూ మరి! కాని ఆయన పై అధికారుల పేర్లు ఇప్పుడెవరికీ గుర్తులేవు. రాయికి దణ్ణం పెట్టే మీ ఫూ బొమ్మను మాత్రం తరతరాల చిత్రకారులు వేస్తూనే వచ్చారు. ఆ పక్కనే వున్న దక్షిణ కొరియాలో పని ఒత్తిడికి అలిసిపోయిన కుర్రకారు రాళ్ళను తోడుగా పెంచుకుంటున్నారని 2024లో పత్రికలు రాశాయి. ఆఫీసు నుంచి ఇంటికొచ్చాక ఎదురు ప్రశ్న వెయ్యని ప్రాణి కావాలట. "న్యాయమే" అని మావారు పేపరు చాటునుంచి నిట్టూర్చారు.

సరే, మన నిజాంగారి మాటేమిటి? మా నిజామాబాద్ అసలు పేరు ఇందూరు. 1905లో రైలు వచ్చినప్పుడు పేరు మారింది. అప్పుడు గద్దె మీద వున్నది ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్. ఆయనకు 1891లో జాకబ్ అనే సిమ్లా వర్తకుడు ఒక వజ్రం అమ్మచూపాడు. తూకం 184.75 క్యారెట్లు, అంటే 37 గ్రాములకు వీసమెత్తు తక్కువ. బేరం బెడిసి వ్యవహారం కలకత్తా హైకోర్టు దాకా వెళ్ళింది. చివరకు వజ్రం నవాబుగారికే దక్కింది గాని, ఆయన మనసు దానిమీద విరిగిపోయింది. ఒక గుడ్డలో చుట్టి పాత బూటులో దోపేశాడంటారు. ఆయన పోయాక కొడుకు, ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్‌కు ఆ బూటు ముక్కులో అది దొరికిందట. ఆయన దాన్ని ఏం చేశాడనుకున్నారు? బల్లమీద కాగితాలు ఎగరకుండా పెట్టుకున్నాడు! ప్రపంచంలోకెల్లా ధనవంతుడని పేరు మోసిన వాడికి కావలసింది వజ్రం కాదు, పనికొచ్చే రాయి. 1995లో భారత ప్రభుత్వం నిజాం నగలన్నీ 218 కోట్లకు కొన్నప్పుడు, ఆ కాగితాల రాయి కూడా అందులో వుంది. ఇప్పుడది రిజర్వుబ్యాంకు ఖజానాలో, ఒక్క కాగితాన్ని కూడా ఆపే పని లేకుండా వుంది పాపం.

ఆ సంగతి చదివి వినిపిస్తే మా మామయ్యగారు లేచి లోపలికి వెళ్ళారు. ఆయన బోధన్ షుగర్ ఫ్యాక్టరీలో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. నిజాం షుగర్స్ అంటే 1937లో పుట్టిన ఫ్యాక్టరీ. ఒకప్పుడు ఆసియాలోకెల్లా పెద్దదని చెప్పుకునేవారు. నిజాంసాగర్ నీళ్ళు, చెరుకు తోటలు, శక్కర్‌నగర్ క్వార్టర్లు, ఊరంతా బెల్లపు పాకం వాసన. సీజన్లో చెరుకు బండ్ల బారు ఎంత దూరం వుందన్నదాన్ని బట్టి ఆ యేడు పెళ్ళిళ్ళు ఎన్ని అవుతాయో లెక్క కట్టేవాళ్ళు. అదంతా 2015 డిసెంబరులో మూతపడింది. డాల్ గారు పోయిన యేడే. అక్కడ రాయి అమ్మినవాడు పోయాడు, ఇక్కడ చక్కెర చేసేది పోయింది.

మామయ్యగారు లోపలి నుంచి తెచ్చింది ఒక నల్లటి గుండ్రాయి. ఫ్యాక్టరీ ఆవరణలో ఏరుకున్నదట. సీజన్లో ఫ్యాను గాలికి చెరుకు తూకం చీట్లు ఎగిరిపోకుండా దాన్ని ఏళ్ళతరబడి బల్లమీద పెట్టుకున్నారు. రిటైరైన రోజున శాలువా, గడియారం ఇచ్చారు. గడియారం ఆగిపోయింది, శాలువా చిమటలు కొట్టేశాయి. ఈ రాయి మాత్రం మిగిలింది. పొద్దున్నే పేపరు చదివాక ఆయన దాన్ని పంచె కొంగుతో తుడిచి, ఆనాటి పేపరు మీద పెడతారు. నా కాపురం వయసంత కాలం నుంచీ చూస్తున్నాను గాని, అది పెంపకమని నాకు తోచలేదు.

"నిజాముకు జాకబ్ వజ్రం, మనకిది" అన్నారు నవ్వుతూ. "ఆయన నగలకు ప్రభుత్వం డబ్బులిచ్చింది. దీన్ని ఎవ్వరూ అడగలే. అదొక్కటే తేడా."

గుండప్పనూ దీన్నీ పక్కపక్కన పెట్టి మా అమ్మాయి చుట్టరికం అడిగింది. అక్కడ మావారికీ నాకూ చిన్న యుద్ధం జరిగింది. ఆయన పూర్వీకులది మద్నూరు, జుక్కల్ వైపు. అక్కడ నల్లరేగడి కింద వుండేది, కరిగిన లావా చల్లారి గట్టిపడిన నల్లరాయి. దాని వయసు ఆరున్నర కోట్ల ఏళ్ళు. రాకాసి బల్లుల కాలం ముగిసేనాటిది అని ఆయన గర్వంగా మీసం దువ్వారు. మా ఆర్మూరు, వేల్పూరు వైపు రాళ్ళు గ్రానైటు జాతివి. వాటి వయసు సుమారు రెండువందల యాభై కోట్ల ఏళ్ళు! సిద్ధులగుట్ట మీద ఎవరో పేర్చినట్టుండే గుండ్లను ఎవరూ పేర్చలేదు. ఒకే బండకు నిలువునా అడ్డంగా పగుళ్ళు పడి, ఆ పగుళ్ళలో నీళ్ళు దిగి, మూలలు మెత్తబడి రాలిపోగా మిగిలిన నడిమి గుండ్లవి. పకోడీ అంచులు పిల్లలు కొరుక్కుతింటే మధ్య ముక్క మిగిలినట్టు. "కాబట్టి మా పుట్టింటి రాయి మీ రాయి కంటే దాదాపు ముప్ఫై ఎనిమిది రెట్లు పెద్దది. కాళ్ళకు దణ్ణం పెట్టమనండి" అన్నాను. ఆడదానికి పుట్టింటి గొప్ప చెప్పుకోవడానికి ఇంతకన్నా గట్టి ఆధారం చరిత్రలో దొరకదు.

మా మేడ కింద వాటాలో ఒక ఆచార్యులవారుంటారు. ఆయన ఇంట్లో సాలగ్రామం వుంది. నేపాల్‌లో గండకీ నదిలో దొరికే నల్లటి రాయి, లోపల చక్రాలు. ఒకప్పుడు సముద్రంలో బతికిన నత్తలాంటి ప్రాణుల గుల్లలు ఆ రాళ్ళలో చక్రాలై నిలిచాయని శాస్త్రజ్ఞులంటారు. సాలగ్రామం ఇంట్లో వుంటే రోజూ స్నానం చేయించాలి, తులసి పెట్టాలి, నైవేద్యం పెట్టాలి. ఊరికి వెళ్ళాలంటే ఎవరో ఒకరికి అప్పజెప్పి వెళ్ళాలి. ఒకసారి ఆయన పెళ్ళికి పోతూ ఇంకో ఇంటివారికి ఇచ్చి, ఎప్పుడేం పెట్టాలో కాగితం మీద రాసి ఇస్తుండగా చూశాను. డాల్ గారి పుస్తకం అంతకు కొన్ని వందల ఏళ్ళ ముందే మన దగ్గర వుంది. కాకపోతే మనం దాన్ని నవ్వులాటకు రాసుకోలేదు.

ఇక అసలు కథ వేల్పూరులో వుంది.

వేల్పు అంటే దేవుడు. పేరులోనే దేవుణ్ణి పెట్టుకున్న ఊరు మా పుట్టిల్లు. తెలంగాణ పల్లెలకు నడిబొడ్డున బొడ్రాయి అని ఒకటి వుంటుంది. బొడ్డు వున్న చోట రాయి. ఊరు కట్టినప్పుడు మొట్టమొదట పాతేది అదే. ఆ తర్వాతే ఇళ్ళూ వాకిళ్ళూ. మనిషికి బొడ్డు ఎలాగో ఊరికి బొడ్రాయి అలాగ. తల్లి నుంచి విడివడ్డ గుర్తు. రాయి కుంగిపోతేనో, దారి పడి మూలకు పోతేనో కొత్తగా ప్రతిష్ఠ చేస్తారు. అప్పుడు చూడాలి! పొలిమేర కట్టేస్తారు. లోపలివాళ్ళు బయటికి పోరాదు, బయటివాళ్ళు లోపలికి రారాదు. అంతకు ముందే, ఏ ఊరికి ఇచ్చిన ఆడబిడ్డనైనా సరే, అల్లుడితో పిల్లలతో పిలిపిస్తారు. చీర పెడతారు, ఒడిబియ్యం పోస్తారు. అన్నదమ్ములతో మాటల్లేని ఆడబిడ్డను కూడా పిలవక తప్పదు, ఆమె రాకా తప్పదు. పిలుస్తున్నది అన్న కాదు కదా, రాయి! ఎన్ని కుటుంబాల అలకలు ఆ రాయి దగ్గర తీరాయో ఏ గెజిటీరూ రాయలేదు.

ఆ రాయికి పూసేది పసుపు. మా ఆర్మూరు, వేల్పూరు, బాల్కొండ నేలంతా పసుపు నేల. తొమ్మిది నెలల పంట, బిడ్డను మోసినట్టే. తవ్వి, ఉడకబెట్టి, ఆరబెట్టి, మెరుగుపెట్టి నిజామాబాద్ మార్కెట్టుకు తెస్తారు. రైతులు ఏళ్ళతరబడి అడిగి అడిగి, చివరకు 2025లో పసుపు బోర్డు నిజామాబాద్‌కు వచ్చింది. నన్నడిగితే ఆ బోర్డులో ఒక కుర్చీ బొడ్రాయికి ఇవ్వాలి. అంతకంటే పాత ఖాతాదారు ఎవరున్నారు?

మా అమ్మకు డెబ్బై రెండేళ్ళు. వేల్పూరులో పాత పెంకుటింట్లో ఒక్కతే వుంటుంది. నాన్న పోయి చాలా కాలమైంది. తమ్ముడు మా జిల్లాలోని చాలామంది తమ్ముళ్ళ లాగానే గల్ఫ్‌లో వున్నాడు. "నా దగ్గరికి రావే అమ్మా" అని నేను పిలవని పండగ లేదు. ప్రతిసారీ ఒకటే జవాబు.

"నేనొస్తే ఇసుర్రాయిని ఎవలు చూస్తరు?"

విసుర్రాయి! పుస్తకాల్లో తిరగలి అంటారు. అది వాకిట్లో, వేపచెట్టు కింద వుంటుంది. దాంతో పిండి విసిరి ఎన్నాళ్ళయిందో. గిర్ని వచ్చాక సగం పని పోయింది, మిక్సీ వచ్చాక మిగతా సగం పోయింది. అయినా అమ్మ రోజూ పొద్దున దాన్ని ఊడ్చి, నీళ్ళు చల్లి, శుక్రవారం పసుపు రాసి బొట్టు పెడుతుంది. వానాకాలం గోనెపట్టా కప్పుతుంది. వెనకటికి వడ్డెర వాళ్ళు కక్కు కొడతామని కేకేసుకుంటూ వచ్చేవారు. రాయి అరిగి నున్నబడితే ఉలితో గంట్లు పెట్టి మళ్ళీ పదును చెయ్యడాన్ని కక్కు కొట్టడం అంటారు. ఇప్పుడా కేక వినపడదు. అయినా ఓసారి వడ్డెర ఇంటికి మనిషిని పంపి, పిలిపించి, కక్కు కొట్టించి, అన్నం పెట్టి, వంద రూపాయలు చేతిలో పెట్టిందట. పని చెయ్యని రాయికి కక్కెందుకమ్మా అంటే, "పండ్లు లేకుంటే దానికి మంచిగనిపిస్తదా?" అంది. దంతవైద్యం మనుషులకే కాదన్నమాట.

తమ్ముడు ఇల్లు పడగొట్టి స్లాబు వేయిస్తానంటున్నాడు. వాడి ప్లానులో విసుర్రాయి గేటు ముందు మెట్టు కింద వుంది. ఆ కాగితం చూసిన నాటి నుంచి అమ్మ వాడితో ఫోన్లో ముక్తసరిగా మాట్లాడుతోంది. వాడు నాకు ఫోన్ చేసి, "అక్కా, ఓ రాయి కోసం నామీద అలిగింది, నువ్వన్న చెప్పు" అన్నాడు. చెప్పడానికే ఈసారి వెళ్ళాం. మా అమ్మాయి గుండప్పను కూడా డబ్బాలో తెచ్చింది.

అమ్మ డబ్బా మూత తీసి చూసింది. అటూ ఇటూ తిప్పింది.

"ఇదేందే బిడ్డా?"

"పెంచుకుంటున్నం అమ్మమ్మా. పెట్ రాక్."

"ఏం పనిజేస్తది?"

"ఏం చెయ్యదు."

అమ్మ నావైపు తిరిగింది. "పనిజెయ్యని రాయిని కూసోబెట్టి సాకుతున్నరా! బాగుంది మీ పట్నపోళ్ళ సంసారం."

మా అమ్మాయి వూరుకుంటుందా? "మరి నీ ఇసుర్రాయి ఏం చేస్తోంది అమ్మమ్మా ఇప్పుడు?" అని అడిగింది. నాకు గుండె గుభేలుమంది. అమ్మ కోప్పడలేదు. గోనెపట్టా మడిచి, రాయి పక్కన కూర్చుని, పిడి లేని రంధ్రంలో వేలు పెట్టి తిప్పుతూ చెప్పింది.

"నాకు తొమ్మిదేండ్లప్పుడు దీని ముంగట కూసోబెట్టిన్రు. మా అన్నలు బడికి పోయిన్రు, నేను దీని బడికొచ్చిన. ఇంట్ల జొన్నలు, మందియిండ్ల పప్పు, కుంచానికి గింత అని కూలి. మీ అమ్మ పుట్టినంక మీ తాత దాన్ని గుడ కూసోబెట్టుమన్నడు. నేనన్న, దాని వంతుది గుడ నేనే ఇసురుత, దాన్ని బడికి తోలుమని. గిది ఇద్దరి పని జేసింది. గిప్పుడు కూసొని తినుడు దాని వంతు."

నేను బి.ఎ. చదివానని మొదట్లో గొప్పగా చెప్పాను చూశారూ, ఆ చదువుకు ఫీజు ఎవరు కట్టారో నాకు నలభై ఆరో యేట తెలిసింది. నాన్న కట్టారనే అనుకుంటూ వచ్చాను. నా చిన్నప్పుడు తెల్లారగట్ల నిద్దట్లో విసుర్రాయి గరగర వినబడేది. ఆ చప్పుడుకు విసుక్కుని దుప్పటి చెవులమీదికి లాక్కునేదాన్ని. అది నా వంతు చప్పుడు అని ఎవరూ చెప్పలేదు. నేను డిగ్రీ పూర్తి చేసిన మరుసటి యేడు, 2001లో, మా వేల్పూరు మండలం బాలకార్మికులు లేని మండలంగా దేశమంతటా పేరు తెచ్చుకుంది. పిల్లల్ని పనిలోంచి తీసి బడికి పంపేందుకు ఊళ్ళకు ఊళ్ళే కదిలాయి. గొప్ప సంగతే. ఆ గొప్పలో మా వాకిట్లోని రాయికీ, దాని ముందు కూర్చున్న ఆవిడకూ ముందస్తు వాటా వుందని ఇప్పుడు చేర్చుకుంటున్నాను. నేను చదివిన చరిత్ర పుస్తకాల్లో పాతరాతియుగం, కొత్తరాతియుగం అని ముగించి, ఇక లోహాల్లోకి వెళ్ళిపోతారు. ఆడవాళ్ళకు రాతియుగం గిర్ని వచ్చేదాకా సాగిందని ఏ పరీక్షలోనూ అడగలేదు.

ఆ రాత్రి తమ్ముడికి ఫోన్ చేశాను. చెప్పవలసింది అమ్మకు కాదు, వాడికి అని తేలింది. విన్నంతసేపూ వాడు మాట్లాడలేదు. వాడి చదువు కూడా ఆ రాయిదే కదా. కాసేపటికి, "మెట్టు వద్దులే అక్కా. వేపచెట్టు వుంచి ప్లాను మార్పిస్త. రాయిని జరపొద్దని మేస్త్రికి చెప్త" అన్నాడు. ఆ మాట అమ్మకు చెబితే, "వాడే చెప్పాలె, వచ్చి చెప్పాలె" అంది. అలక సగమే తీరిందన్నమాట. మిగతా సగం విమానం ఖరీదు.

డాల్ గారి పుస్తకంలో "రా" అన్న ఆజ్ఞ దగ్గర ఆగానన్నాను గుర్తుందా? రాయి రాదు. ఎంత పిలిచినా రాదు. నేను ఇన్నేళ్ళూ అమ్మను "రా, రా" అని పిలుస్తూ, ఆవిడ మొండితనం అనుకున్నాను. పాతుకున్న వాటిని పిలవకూడదు, వాటి దగ్గరికి మనమే వెళ్ళాలి. బొడ్రాయి ప్రతిష్ఠకు ఆడబిడ్డలంతా వెళ్ళేది అందుకే కాబోలు. ఏ రాయీ ఇంతవరకు అత్తవారింటికి వచ్చి ఎవరినీ పలకరించలేదు.

మర్నాడు బయల్దేరేటప్పుడు చూస్తే చెప్పుల డబ్బా ఖాళీ. మా అమ్మాయి కంగారుపడి ఇల్లంతా వెతికింది. చివరకు గుండప్ప వంటింట్లో దొరికాడు. పెరుగు గురిగి మూత మీద, విభూతి చార పైకి పెట్టుకుని దర్జాగా కూర్చుని వున్నాడు. పక్కింటి పిల్లి గుమ్మంలో నిలబడి వాడివైపే ఆశాభంగంగా చూస్తోంది.

"పనిల పెట్టిన" అంది అమ్మ. "రాత్రి పిల్లి మూత తియ్యలే. మంచి రాయి. ఈడనే వుండనియ్యి."

మా అమ్మాయి ముఖం చిన్నబోయింది గాని, ఉద్యోగం దొరికిన వాణ్ణి వెనక్కి పిలవడం భావ్యం కాదని నచ్చజెప్పాను. ఖాళీ డబ్బాతో నిజామాబాద్ వచ్చేశాం.

వచ్చి నాలుగు వారాలయింది. ఇదివరకు అమ్మకు నేనే ఫోన్ చేసేదాన్ని. "ఎప్పుడొస్తవు?" అని ఆవిడ నోటి వెంట ఒక్కసారైనా వచ్చేది కాదు. ఇప్పుడు శనివారం సాయంత్రం కాగానే ఆవిడే చేస్తోంది. నాతో కాదు, మనవరాలితో.

"బిడ్డా, మీ రాయి మంచిగనే వున్నది. పొద్దున తానం పోసిన. జర బెంగ పెట్టుకున్నట్టు కొడుతున్నది. ఒక్కసారి వచ్చి చూసిపోరాదు?"

నాలుగు ఆదివారాలూ వెళ్ళాం. ఆర్మూరులో బస్సు మారేటప్పుడు మా అమ్మాయి కళ్ళు మళ్ళీ గుట్టవైపు పోతున్నాయి. తమ్ముడి కోసం కూడా ఒకటి ఏరుదామా అని ఆలోచిస్తోందట. గల్ఫ్‌కు విమానంలో రాయిని తీసుకెళ్ళనిస్తారో లేదో కనుక్కోవాలి.